నేను పోని పందెంలో నా గొంతు

ఏప్రిల్ 3, శుక్రవారం

మారుతీ, నీ భుజం నొప్పి ఎట్లా ఉంది నాయనా? పక్క గదిలోనే ఉన్నావు, లేచి వచ్చి అడగవచ్చు. అడిగితే "బాగుండాది పోమా" అని కసురుతావు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కల్పనా, హిందూపురం బట్టల ఫ్యాక్టరీలో పొద్దంతా మిషను సూదినే చూసి నీళ్ళు కారే నీ కళ్ళు ఎట్లా ఉన్నాయి? కోడలివని అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను. ధర్మవరంలో రాధ నడుము ఎట్లా ఉందో. మొగుడితో పాటు ఉల్లిగడ్డల ఆటోలో గుంతల దారులన్నీ తిరిగి తిరిగి కూతురి నడుము నా నడుము కంటే ముసలిదైపోయింది. దాని కొడుకు బాలాజికి దగ్గు తగ్గిందో లేదో. మా పందెం ఎద్దు చుక్కోడి ముందుకాలి గిట్ట మానిందో లేదో. వాడి జోడెద్దు కరియ కళ్ళు రెండు రోజులుగా ఎర్రగా ఉన్నాయి. అది రోగమో కోపమో ఎద్దునడిగితే చెప్పదు. ఇక నా గుండెదడ, అది ఎప్పటిదే.

ఎల్లుండి తిరునాళ్ళకు లేపాక్షి పక్క బీడులో ఎద్దుల బండ్ల పందెం. మారుతి పగ్గాలు పట్టడం ఇదే ఆఖరు. మా మామ ఈరప్ప చేతి నుంచి మా ఆయన చిన్నప్పకు, ఆయన నుంచి మారుతికి వచ్చిన పగ్గాలు. మారుతికి పిల్లలు లేరు. అందుకని వచ్చే ఏటి పందెం నుంచి మేనల్లుడు బాలాజికి ఇస్తానన్నాడు. మా అల్లుడు ధర్మవరంలో కనబడినవాళ్ళందరికీ ఈ మాటే చెప్పుకుంటున్నాడట. రాధను ఎవరూ అడగలేదు. నన్ను కూడా అడగలేదు. నన్నెందుకు అడుగుతారు.

మా ఆయన పందెం బండి కిందే పోయాడు. ఇరుసు విరిగి. అప్పుడు రాధ చిన్నపిల్ల. ఆ సంగతి రాయను.

మొన్న రాధ ఫోన్ చేసింది. "మా, చుక్కోణ్ణి మేతకు పిలుస్తావే, ఆ పిలుపు ఒకసారి పిలువు. ఫోన్లో పట్టుకుంటా" అంది.

"ఎందుకే?"

"ఇనబుద్దయితాండాది మా. ఈడ నన్ను అట్ల పిలిచేవాళ్ళు ఎవురుండారు?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దా చుక్కయ్యా... దా నా తండ్రీ... ఓయ్, దా..." అని పిలిచాను. కొట్టంలో చుక్కోడు నిజమే అనుకుని పలుపు తెంచుకోబోయాడు. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచాను వాణ్ణి, వాడికి నా గొంతే తల్లి. రాధా నేనూ బాగా నవ్వుకున్నాం. కూతురికి నా మీద ఇంత ప్రేమ ఉందని ఆ రోజంతా సంతోషంగా ఉండింది.


ఏప్రిల్ 5, ఆదివారం

మాట్లాడకూడదు. అందుకే రాస్తున్నాను. ఈ పుస్తకం మొదలుపెట్టిందే పందెం రోజుల కోసం.

మా ఇంట్లో ఎద్దులకు మేత వేసే ఆడది పందెం చూడ్డానికి పోదు. బండి వీధి దాటినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా ఇంట్లో కూడా నోరు తెరవదు. మా అత్త ఆదెమ్మ నేర్పింది. "మేతేసే గొంతు చెవిన పడితే ఎద్దుకు పందెం గుర్తుండదు, మేత గాడి గుర్తొస్తాది. పరుగులో నీ తట్టుకు తిరుగుతాది" అనేది. ఇంట్లో మాట్లాడితే అంత దూరం వినబడుతుందా అని కొత్తలో అడిగాను. "నోటికి అలవాటు కావల్ల" అంది. నలభై ఏళ్ళు దాటింది, నేను ఒక్క పందెమూ చూడలేదు.

ఎస్తేరు చేట కోసం వచ్చింది. ఎదురింటి మనిషి. నేను చెయ్యి ఊపాను.

"ఏం నరసక్కా, మూతికి కుట్లేసుకుంటివా?"

ఎద్దుల కొట్టం వైపు చూపించాను.

"ఓ, పందెమా! అట్లయితే ఈ పొద్దు నేనేమన్నా నువ్వు పడల్ల. పోయినేడు నా రోలు పగలగొట్టింది నువ్వే. మా చర్చి పండక్కి పిలిస్తే రాకపోతివి. నీ కోడలు నీకంటే మంచిది." చేట చంకలో పెట్టుకుని నవ్వుతూ పోయింది. రోలు నేను పగలగొట్టలేదు. సాయంత్రం చెబుతాను దాని పని.

పందెం మొదలై ఉంటుంది.

కరియను చుక్కోడి పక్కన కట్టి రెండు నెలలు కూడా కాలేదు. పాత జోడు ఎద్దు చచ్చిపోతే కర్ణాటక పక్క అగళి నుంచి తెచ్చాడు మారుతి. అది కన్నడం ఎద్దు. మారుతి "బారో కరియా" అంటే కదులుతుంది, నేను పిలిస్తే గోడను పిలిచినట్టే. నా చేతి మేత ముట్టదు. మారుతే వేస్తాడు. అట్లాంటి జోడును పందెంలో

ఫ్యాక్టరీ నుంచి కల్పన ఫోన్, ఆదివారమైనా పనికి పోయింది. ఎత్తకూడదు. ఎత్తాను. "అత్తా, బండి బోర్లబడింది. బతికుండాడు. హిందూపురం తీసకపోతాండారు" అంది.

నోరు తెరిచి అరిచాను. ఎస్తేరు పరుగెత్తుకుని వచ్చింది.


ఏప్రిల్ 6, సోమవారం

హిందూపురం ఆస్పత్రి. తొడ ఎముక రెండు ముక్కలు. రాడ్డు వేశారు. నడుస్తాడట, కుంటుతాడట. పందెం బండి ఎక్కడం మాత్రం ఈ జన్మకు లేదన్నారు. చేతులు బాగున్నాయి. తల బాగుంది. అన్నీ తడిమి చూశాను.

ఒకటే. మారుతి నా మొహం చూడలేదు. నీళ్ళు తాగించినప్పుడు కూడా గోడవైపే చూశాడు. మందుల మత్తు అయి ఉంటుంది.

చూడవచ్చినవాళ్ళు ఏమైందప్పా అంటే అందరికీ ఒకటే మాట. "ఎద్దు దోవ తప్పింది. చుక్కోడు."

రాధ రాలేదు. ఫోన్లో ఒక మాట కూడా సరిగ్గా చెప్పలేకపోయింది. అన్న అంటే ప్రాణం దానికి. నడుము నొప్పి ఎక్కువైందేమో.


ఏప్రిల్ 7, మంగళవారం

మత్తు దిగింది. అయినా చూడలేదు.


ఏప్రిల్ 9, గురువారం

ఇంటికి తెచ్చాం. బయట పంచలో మంచం వేశాం. కొట్టం కనబడకుండా తల అటు పెట్టమన్నాడు.

సాయంత్రం అన్నం కలిపి ఇస్తుంటే, "మా, చుక్కోణ్ణి తోలేస్తాండా" అన్నాడు.

"యాడికప్పా?"

"ముదిగుబ్బ దళారి వస్తాడు. సోమవారం కాదు, దాని పై సోమవారం. పందేనికి పనికి రాని ఎద్దు, సేద్యానికి ఎవురు కొంటారు? వాని దోవన వాడు తీసకపోతాడు."

ఆ దోవ ఎక్కడికో నాకు తెలుసు. కల్పనకు తెలుసు. ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. పందెంలో గీత తప్పిన ఎద్దును మా ఇంట్లో పెట్టుకోరు, మామ కాలం నుంచీ అంతే. అయినా చుక్కోడు గీత తప్పే ఎద్దు కాదు. పగ్గం ఎటు లాగితే అటే పోయేవాడు.

"వానికేదో కనపడింటాది నాయనా. పామో ఏదో..."

"పాము కాదు మా." అప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపు ఎట్లాంటిదంటే, తప్పు చేసిన పిల్లను అందరి ముందూ కొట్టకుండా వదిలేసే తండ్రి చూపు. నాకెందుకు అట్లా అనిపించిందో తెలియదు. నేనేం చేశాను?

చుక్కోడికి ఉలవలు పెట్టి వచ్చాను. నా చెయ్యి నాకాడు.


ఏప్రిల్ 11, శనివారం

అక్షరాలు సరిగ్గా రావడం లేదు.

కల్పన ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా నన్ను వంటింట్లోకి పిలిచింది. దానితో పనిచేసే అమ్మాయి తమ్ముడు ఆ రోజు పందేన్ని ఫోన్లో తీశాడట. "అత్తా, కూచో. కూచున్యాకనే చూపిస్తా" అంది.

నలభై ఏళ్ళు చూడని పందెం అరచేతిలో చూశాను. దుమ్ము. బండి గాలిలో ఎగిరినట్టు వస్తోంది. మా మారుతి నిలబడి ఉన్నాడు, వాళ్ళ నాయన నిలబడినట్టే. చుక్కోడు, కరియ తలలు కలిపి వస్తున్నారు. ఎంత బాగుందో. ఇంత బాగుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడు పెద్దగా, మైకులో,

"దా చుక్కయ్యా... దా నా తండ్రీ... ఓయ్, దా..."

నా గొంతు.

నాలాంటి గొంతు కాదు. నాది. మధ్యలో ఊపిరి తీసుకునేది కూడా నేనే. చుక్కోడు చెవులు లేచాయి. ఒక్కసారిగా పక్కకు తిరిగాడు. కరియ నేరుగా పోతూనే ఉంది. కాడి మెలిపడింది, చక్రం లేచింది, మారుతి

చూడలేకపోయాను. కల్పన ఇంకోసారి పెట్టింది. వద్దన్నాను, పెట్టింది.

నేను ఆ పూటే చచ్చిపోయి, ప్రాణం అక్కడికి పోయిందేమో, నాకే తెలియలేదేమో అనుకున్నాను. నిజంగా అట్లానే అనుకున్నాను.

"అత్తా, నువ్వు ఆ పొద్దు ఇంట్లోనే ఉంటివి కదా?"

"ఉంటినే. నోరు గూడా తెరవల్యా. ఎస్తేరును అడుగు."

కల్పన నమ్మింది. లేకపోతే నమ్మినట్టు తల ఊపింది. "ఇది ఆయప్పకు చూపియ్యల్యా" అంది, మారుతి మంచం వైపు చూసి.

మూడోసారి నేనే పెట్టమన్నాను. నా పిలుపు అయిపోయాక, జనం కేకల మధ్యలో, అదే మైకులో ఇంకో గొంతు మొదలైంది. "ఉల్లిగడ్డలమ్మా ఉల్లి" అని. అంతలోనే ఎవరో టక్కున నొక్కి ఆపేశారు.

కల్పన అది వినలేదు. నేను విన్నాను.


ఏప్రిల్ 12, ఆదివారం

ఉల్లిగడ్డల ఆటోలు ఎన్ని లేవు? హిందూపురంలో ఉన్నాయి, పెనుకొండలో ఉన్నాయి. అందరికీ మైకులు ఉన్నాయి. అందరూ అమ్మా అనే పిలుస్తారు.

ఇది ఓడిపోయే బండివాళ్ళ పని. ఎవడో పొద్దున్నే మా కొట్టం వెనక నిలబడి నా పిలుపు పట్టుకుని ఉంటాడు. గోడ పొట్టిది. ఎత్తు పెంచమని ఎన్నిసార్లు చెప్పాను. నా మాట ఎవరు వింటారు.

ధర్మవరం నుంచి లేపాక్షికి ఉల్లిగడ్డలు అమ్మడానికి అంత దూరం ఎవరూ రారు.

తిరునాళ్ళయితే వస్తారు.


ఏప్రిల్ 13, సోమవారం

రాధ ఫోన్ ఎత్తలేదు. నేను చేయనూ లేదు.


ఏప్రిల్ 14, మంగళవారం

చేశాను. మధ్యాహ్నం, కొట్టంలో నిలబడి. చుక్కోడి వీపు మీద చెయ్యి పెట్టుకుని చేశాను.

"రాధా, అన్నం తిన్యావా?"

"తిన్యా."

"నడుము ఎట్లుండాది?"

"మా. నువ్వు నడుము అడిగేదానికి చేయల్యా."

"బాలాజికి దగ్గు..."

"మా."

అప్పుడు అడిగాను. "నా గొంతు మీ ఆటో మైకులో పెడితివా?"

అటు పక్క బజారు రొద వినబడింది. ఎవరో ఉల్లిగడ్డలు పెద్దవి ఏరి ఇవ్వమంటున్నారు. వాళ్ళకు ఏరి ఇచ్చి "ఊ" అంది.

బండి కింద పడినట్టు అయింది నాకు.

తర్వాత అదే చెప్పింది. తిరునాళ్ళకు ఆటో వేసుకుని వచ్చారట. అల్లుడు, బాలాజి ముందుకు పోయి జనంలో నిలబడ్డారట. ఇది ఒక్కతే ఆటో దగ్గర ఉందట.

"ఆగుతాయనుకుంటి మా. కొట్టంలో నువ్వు పిలిస్తే ఎట్ల వస్తాయో అట్ల రెండూ మెల్లగా తిరిగి నా తట్టుకు వస్తాయనుకుంటి. బీడు నడిమధ్యన ఎద్దులు మేతకు నడిచిపోతే జనం నవ్వుతారు. అన్నకు రోషమొస్తాది, ఇంక మనింట్లో పందెమే లేకుండా చేస్తాడు. నా బిడ్డ చేతికి పగ్గాలు రావు. అంతే. నేను అనుకునింది అంతే మా."

"కరియ నా గొంతుకు తిరగదే."

"ఎందుకు తిరగదు? కొత్తెద్దయినా మేత నీ చేతిదే కదా?"

"అది అగళి ఎద్దు. దానికి కన్నడమే వస్తాది. దానికి మారుతే మేత వేస్తాడు. చుక్కోడు ఒక్కడే ఇన్యాడు. ఒక్కడే తిరిగినాడు."

ఈసారి బజారు రొద కూడా వినబడలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుందేమో. "ఆ మాట నాకు ఎవురూ చెప్పల్యా" అంది.

నిజమే. రోజూ దానితో మాట్లాడతాను. నడుము అడుగుతాను, దగ్గు అడుగుతాను, తిన్నావా పడుకున్నావా అడుగుతాను. ఈ ఒక్క మాట చెప్పలేదు. చెప్పాల్సిన మాట అని ఎవరికి తెలుసు.

"అన్నను చంపబోతివే" అన్నాను. అనకూడదు. అన్నాను.

"నాయనను తెచ్చిన పొద్దు నువ్వు తల పక్కన కూచుంటివి మా. నన్ను కాళ్ళ పక్కన కూచోబెట్టిరి. ఆ కాళ్ళు ఎట్లుండెనో నువ్వు చూడల్యా. నేను చూసినా. బాలాజికి పగ్గాలు అని మీరందరూ అన్నప్పటి నుంచి వాడు చెప్పులు తొడుక్కుంటాంటే కాళ్ళు చూస్తాండా."

ఫోన్ పెట్టేసింది. చుక్కోడు తల ఊపుతున్నాడు, మేత వేళ అయిందని.


ఏప్రిల్ 15, బుధవారం

ఎవరికీ చెప్పను.


ఏప్రిల్ 16, గురువారం

కల్పన పనికి పోయింది. మారుతి కాలికి కట్టు సర్దుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"మా, ఒక మాట అడుగుతా. మనం ఇద్దరమే ఉండాం. ఆ పొద్దు నువ్వు వచ్చింటివి కదా?"

కట్టు గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

"బండి మింద నుంచే ఇన్యా. ఆ రొదలో యాడనుంచో తెలీల్యా గానీ, నీ గొంతు నాకు తెలీదా? పడేటప్పుడు గూడా అదే అనుకుంటి. మా అమ్మ జనంలో యాడుండాదో, తొక్కుతారేమో అని."

వాడు అనుకున్నది అది. కాలు విరుగుతున్నప్పుడు వాడు అనుకున్నది అది. నేను ఈ పది రోజులూ వాడు నా మొహం చూడలేదని కుళ్ళిపోయాను.

"ఆస్పత్రిలో నన్ను చూడకపోతివే నాయనా?"

"చూస్తే నోరుజారి అడుగుతానని. చుట్టూ జనముండిరి. మనూరోళ్ళు గూడా ఉండిరి." తర్వాత మెల్లగా, "భయపడి వచ్చింటావులే. ఆఖరు పందెమని. నాయన మాదిరే అవుతానేమో అని. నేను నిన్ను ఒక్క మాట అనను మా" అన్నాడు.

రాలేదు అని ఎట్లా చెప్పను? రాకపోతే ఆ గొంతు ఎక్కడిది అంటాడు.

"వచ్చింటినప్పా" అన్నాను.

వాడి మొహం తేటపడింది. నిజం తెలిసినవాడిలాగా. నేను అబద్ధం చెప్పాను, వాడికి అట్లా అయింది.

ఇక ఎద్దు బతుకుతుంది కదా అనుకున్నాను. "అట్లయితే తప్పు చుక్కోడిది కాదే. దళారిని రావద్దని చెప్పు."

"చెప్పేదెట్ల? దోవ తప్పిన ఎద్దును ఎందుకు పెట్టుకున్యావని అడుగుతారు. ఏమని చెప్పల్ల? ఈరప్ప కోడలు పందెం కాడికి వచ్చి ఎద్దును పిలిచి, సొంత కొడుకు కాలు విరగ్గొట్టిందని చెప్పల్లా?"

"చెప్పు. నేను పడతా."

"నేను పడనీను. ఎద్దు పోనీ మా."

అంటే నా కోసం. ఇన్ని రోజులూ ఎద్దు మీద నింద వేసింది నా కోసం. ఇప్పుడు నేను వచ్చానని నా నోటితోనే చెప్పి ఎద్దును గట్టిగా కట్టి ఇచ్చాను దళారి చేతికి.

మధ్యాహ్నం అన్నం దించలేదు. మాడిపోయింది.


ఏప్రిల్ 17, శుక్రవారం

పొద్దున్నే బాలాజి ఫోన్. దగ్గు తగ్గింది.

"అవ్వా, మామకు చెప్పు. చుక్కోడి జాగాలో వేరే ఎద్దు చూసినాము. నాయనా నేనూ పోయి చూసొస్తిమి. పగ్గాలు ఇప్పుడే ఇస్తే ఈ నెలాఖరు పందేనికి నేనే ఎక్కుతా. మామ పరువు నేను నిలబెడతా."

ఎంత సంతోషంగా ఉన్నాడో. నిన్నటిదాకా పగ్గాలు వచ్చే ఏటికి కదా అనుకున్నాం. ఇప్పుడు ఇంకా ముందుకు వచ్చాయి. రాధ చేసిందంతా చేస్తే పగ్గాలు వాడి చేతికి ఇంకా తొందరగా వస్తున్నాయి.

"మీ అమ్మ ఏమనిందిరా?"

"అమ్మ ఏమంటాది? అమ్మ ఏమీ అనదు."

పెట్టేసి రాధకు చేశాను. ఈసారి నడుము అడగలేదు. మారుతి విన్నదీ, వాడు అనుకున్నదీ, నేను చెప్పిన అబద్ధమూ, సోమవారం వచ్చే దళారీ, అన్నీ చెప్పేశాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

"వచ్చింటినని చెప్తివా?" అంది. "నా కోసమా?"

"ఇంకెవురి కోసమే?"

"నేను వస్తా. అన్నకు నేనే చెప్తా."

"వద్దు తల్లీ. మారుతి సంగతి నీకు తెలీదు. మళ్ళా ఈ గడప తొక్కనీడు."

"తొక్కనీకపోతే బయట నిలబడి చెప్తా. వీధంతా ఇననీ. ఎద్దుదీ తప్పు కాదు, నీదీ తప్పు కాదు."

"మీ ఆయప్ప ఊరుకుంటాడా?"

"ఊరుకోడు." అది నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "బాలాజిని గూడా పిల్చుకొస్తా మా. వాని ముందరే చెప్తా. మీ అమ్మ మీ మామ కాలు విరగ్గొట్టింది, ఎందుకు విరగ్గొట్టిందో ఇను అని చెప్తా. ఇన్యాక గూడా పగ్గాలు పడతానంటే పట్టనీ."

నా ఇద్దరు బిడ్డలు మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఇప్పుడే చెప్పాలి రావద్దని. గట్టిగా చెప్పాలి. తల్లిని నేను. ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. మారుతి పంచలో నుంచి "ఎవురు మా?" అని అరిచాడు.

"రాధ" అని అరిచాను. "రాధ వస్తాండాది."

తర్వాత ఫోన్లో, "ఆ నడుము పెట్టుకొని బస్సులో రావద్దే, ఊగిపోతావు. రైలుకు రా. పెనుకొండలో దిగితే ఆటోలుంటాయి" అన్నాను.

ఎల్లుండి పొద్దున రైలుకు ఇద్దరూ వస్తారు. ఏప్రిల్ పంతొమ్మిది, ఆదివారం.